అచ్చం అదే గుడ్డ

4, మంగళవారం, మధ్యాహ్నం

బేరాల్లేవు. ఫోన్లో రాసుకోడానికి ఏదో ఉంటుందని, దానికి తాళం కూడా పెట్టుకోవచ్చని మా అమ్మాయి చిట్టి మొన్న నేర్పింది. తాళం తను చదవకూడదనే పెడుతున్నానని దానికి తెలీదు పాపం.

పొద్దున షట్టరు సగం ఎత్తానో లేదో, పక్క పార్లర్ అక్క వంగి లోపలికొచ్చేసింది. చేతిలో మా చిట్టి వాళ్ళు చేసిన వేడి బెల్టు.

"ఏం బటన్లక్కా, నడుం నొప్పికి బెల్టిమ్మంటే ఇస్త్రీపెట్టె ఇచ్చావేంటి?"

తిప్పి చూపించింది. లోపలి వైపు నిమ్మకాయంత మచ్చ. గోధుమ రంగు. చేత్తో తడిమితే అట్ట కట్టినట్టు గట్టిగా ఉంది. మాడిన వాసన.

"నువ్వు దాన్ని మడతేసి పైన కూర్చునుంటావు," అన్నాను.

"కుర్చీలో కూర్చునే అదృష్టమే ఉంటే నాకు బెల్టెందుకే? రోజంతా జనాల జుట్టు పట్టుకుని నిలబడేదాన్ని."

ఇద్దరం నవ్వుకున్నాం. బెల్టు తీసేసుకుని బదులు ఒక మంచి కత్తెర ఇచ్చాను. బల్ల కింద కొత్త బెల్టులు ఇంకా నాలుగున్నాయి. అయినా చేతికి కత్తెరే దొరికింది, అదే ఇచ్చాను. అక్క సంతోషంగా వెళ్ళిపోయింది.

మచ్చ బెల్టు జిప్పుల అట్టపెట్టెలో అడుక్కి పెట్టాను. చిట్టికి చెప్పలేదు. పద్నాలుగో తారీకు కాలేజీలో దాని బెల్టు ప్రాజెక్టుకి కమిటీ. ఆ రోజు పాసయితే యూనివర్సిటీ దానికీ దాని భాగస్తుడికీ ఒక గది, ఒక ఏడాది ఖర్చులు ఇస్తుంది. చదువవ్వగానే సొంత పని. పది రోజుల ముందు ఒక్క మచ్చ చూసి పిల్ల గుండె బద్దలు కొట్టడమెందుకు? ఒక్క బెల్టే కదా.

5, బుధవారం

పొద్దున టీ తాగుతూ చిట్టి వాళ్ళ మేడమ్ ఇచ్చిన ప్రశ్నల కాగితం చదివింది. వ్యాపారం నేర్పే మేడమ్ ఆవిడ. ఎలాంటి ఇంట్లో పుట్టిన పిల్లలు, ఏం చదివినవాళ్ళు సొంతంగా పని మొదలుపెడతారో లెక్క తీస్తోందట. మీ ఇంట్లో వ్యాపారం చేసేవాళ్ళున్నారా? కొత్త పని మొదలుపెట్టాలంటే మీకు భయం ఎంత, ఒకటి నుంచి పదిలో?

"నువ్వెంత రాశావే?" అని మా ఆయన.

"రెండు."

"కళ్ళజోడు?"

"ఎనిమిది!" పడీ పడీ నవ్వింది.

కళ్ళజోడు దాని భాగస్తుడు. బెల్టు ఇద్దరిదీ. వాళ్ళమ్మా నాన్నా ఇద్దరూ కాలేజీలో పాఠాలు చెప్తారు. ఆ ఇంట్లో ఏదైనా అమ్మడమంటే పాత పేపర్లే. ఆ పిల్లాడు ప్రతిదీ రాసుకుంటాడు, కొలుస్తాడు. మొదటి నమూనా బెల్టు తనే నలభై గంటలు పెట్టుకుని, గంటగంటకీ థర్మామీటరు పెట్టి రాసుకున్నాడు. నిద్ర కూడా దాంతోనే పోయాడట.

"ఆఫీసు గుమాస్తాలకి కూడా కాగితమిస్తే నేను పన్నెండు వేస్తాను," అన్నాడు మా ఆయన. "ఈ ఇంట్లో భయమంతా నాకు పంచిచ్చి తల్లీకూతుళ్ళు ధైర్యం దాచుకున్నారు."

వ్యాపారస్తుల పిల్లలకి జంకు తక్కువని, ఇంట్లో చూసి చూసి అలవాటవుతుందని మేడమ్ క్లాసులో అందట. చిట్టిని లేచి నిలబడమందట కూడా. అమ్మిన తీరు చూడమని అందరికీ చెప్పిందట. బెల్టు ఆలోచన ఎలా వచ్చిందంటే, "రోజుకి పన్నెండు గంటలు నిలబడే మా అమ్మ నడుం చూసి," అందట ఇది.

ఎంత గర్వం రావాలి నాకు. వచ్చింది కూడా, కాసేపు.

6

అదే గుడ్డ. చేత్తో పట్టుకుంటే అచ్చం అదే.

8, శనివారం, మూడు గంటలు

ఒకసారి సరిగ్గా రాసి పెడితే మనసు కుదుటపడుతుందేమో.

బెల్టులో బ్యాటరీతో వేడెక్కే ప్యాడ్ ఉంటుంది. దానికీ ఒంటికీ మధ్య దళసరిగా ఒత్తిన ఫెల్టు గుడ్డ. వేడికి మాడని ఫెల్టు, అది వేరే రకం. కళ్ళజోడు నలభై గంటలు పెట్టుకున్నది దాంతో కుట్టిందే. తర్వాత ముప్ఫై ఎనిమిది బెల్టులకి సరిపడా గుడ్డ తెప్పించే పని నా మీద పెట్టారు. గుడ్డలమ్మేదాన్ని నేనే కదా.

నాకు సరుకు వేసే షావుకారుకి ఫోన్ చేస్తే ఇరవై రోజులన్నాడు. కాలేజీలో స్టాల్ ఐదు రోజుల్లో. చిట్టి ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చుని ఏడ్చింది. బెల్టులు కుట్టే టైలర్ బాబాయ్ మిషను ఖాళీ పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు షావుకారు, "ఇంకోటుంది, చూడ్డానికి అచ్చం అదేలే," అన్నాడు. పాలిస్టరు ఫెల్టు. అదే రంగు, అదే మందం. నేను వేళ్ళతో నలిపి చూశాను. పదహారేళ్ళుగా అలాగే చూస్తున్నాను. ఎరుపు దారం అయిపోతే మరో కంపెనీ ఎరుపు ఇస్తాం. ఈ లైనింగు లేకపోతే ఆ లైనింగు. "అదే అమ్మా, కంపెనీ మారిందంతే." రోజుకి పది సార్లు అంటాను ఆ మాట. ఎవరూ ఎప్పుడూ తిరిగి రాలేదు.

దాన్నీ అదే అన్నాను.

"అదేనా అమ్మా?"

"అదే. కంపెనీ మారిందంతే."

కళ్ళజోడు అడిగాడట, కొత్త గుడ్డకి పరీక్ష చేసిన కాగితం ఉందా, మళ్ళీ నలభై గంటలు పెట్టుకోనా అని. "మా అమ్మ పదహారేళ్ళుగా గుడ్డలమ్ముతోందిరా, కాగితమెందుకు?" అని కొట్టిపారేసింది ఇది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది నాకు. నేనూ నవ్వాను.

నవ్వకుండా ఉండాల్సింది.

రాశాక మనసేం కుదుటపడలేదు.

10, సోమవారం

పదకొండింటికి ఇద్దరూ వచ్చారు. చిట్టి మొహం సుద్దలా ఉంది. హాస్టల్లో ఒక అమ్మాయి బెల్టు పెట్టుకుని చదువుకుంటూ కునుకు తీసిందట. నడుం మీద బొబ్బ. అర్ధరూపాయంత. డాక్టరు మందిచ్చాడు, పర్వాలేదట. పర్వాలేదని చిట్టి నాలుగుసార్లు అంది.

కళ్ళజోడు నా వంక చూశాడు. "నలభై గంటలు పెట్టుకున్నా ఆంటీ. నాకేం కాలేదు. ఏం మారిందో అర్థం కావట్లేదు. గుడ్డ అదే కదా?"

"అదే నాన్నా."

మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో. ఎవరో లైనింగు అడిగినట్టే.

"అయితే ప్యాడ్లో ఉంది తప్పు," అన్నాడు. "ప్యాడ్లు తెచ్చింది నేను."  ఆ పిల్లాడి చెవులు ఎర్రగా అయిపోయాయి.

మేడమ్ వెంటనే అన్ని బెల్టులూ వెనక్కి తెప్పించమందట. కమిటీ అదే రోజు ఉంటుందట, కానీ ఇప్పుడు గది ఇవ్వడానికి కాదు. ఏం జరిగిందో అడగడానికి.

"ఎవరెవరు కొన్నారో లిస్టు తియ్యి," అన్నాడు కళ్ళజోడు.

చిట్టి ఫోను తీసి, మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"రాసుకోలేదా?"

"అందరి మొహాలూ గుర్తున్నాయి నాకు."

"మొహాలకి మెసేజ్ ఎలా పెడతామే?"

"మా అమ్మ ఎవరి పేర్లు రాసుకుంటుంది? అందరూ గుర్తుంటారు," అంటూ నా వైపు తిరిగింది. "కదమ్మా?"

అవును. అందరూ గుర్తుంటారు. పొడుగు జిప్పులావిడ. చేతి గుండీల మాస్టారు. నల్లదారం అమ్మాయి. పేర్లు ఒక్కటీ తెలీదు. నేను నేర్పిన విద్యే.

కాలేజీలో అమ్మినవి ఇరవై ఆరు. షాపులో నేనమ్మినవి ఎనిమిది. మిగతా నాలుగూ బల్ల కింద ఉన్నాయి.

11, మంగళవారం

కాలేజీవి ఇరవై ఆరూ వచ్చేశాయి. కళ్ళజోడు ప్రతి క్లాసుకీ వెళ్ళి బోర్డు మీద రాశాడట. తొమ్మిదింటికి మచ్చలున్నాయి. తొమ్మిది.

నావి ఎనిమిది. పార్లర్ అక్కది వచ్చింది. మిగతావాళ్ళని ఒక్కొక్కరినీ ఏం కొన్నారో గుర్తు తెచ్చుకుని పట్టుకున్నాను. గుండీల మాస్టారు బడిలో దొరికాడు. బేకరీలో నిలబడే ఇద్దరు అక్కచెల్లెళ్ళు. నర్సు. ఇలా ఏడు.

ఎనిమిదోది ఒక తాతగారు.

ఆయన సంగతి రాసే తీరాలి.

ఆయన రెండంగుళాల ఎలాస్టిక్ కోసం వచ్చాడు. మంచం మీదున్న మనిషికి గౌను కుట్టించాలన్నాడు. ఎవరికండీ అంటే మా ఆవిడకి, పడిపోయింది, ఛాతీ కిందనుంచి స్పర్శ లేదు, అయినా నడుం పట్టేసినట్టుందంటుంది అన్నాడు. నేను, ఈ వాగుడుకాయని, బెల్టు తీసి చూపించాను. "పెట్టి వదిలెయ్యండి తాతగారూ, హాయిగా రోజంతా ఉంచొచ్చు," అన్నాను.

స్పర్శ లేదు అన్నాడు. విన్నాను. అయినా అమ్మాను.

కాలితే ఆవిడకి తెలీదు.

12

పొద్దుట్నుంచి షాపు తియ్యలేదు, తాతగారి కోసమే తిరిగాను. దొరకలేదు. పదహారేళ్ళలో ఈ బజారులో నాకు తెలీని మనిషి లేడనుకునేదాన్ని.

భోజనం చెయ్యలేక మా ఆయన పళ్ళెం వెనక్కి తోశాడు. "నా పన్నెండు నీకిచ్చేస్తానులే," అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

13, గురువారం, సాయంత్రం ఐదు

దొరికాడు.

మంచం మీద మనిషుంటే మందుల షాపుకి వెళ్ళక తప్పదు కదా అని పొద్దున తట్టింది. పెద్దవాళ్ళకి వేసే డైపర్లు ఎవరు కొంటున్నారని ఒక్కో షాపూ అడుక్కుంటూ వెళ్ళాం, నేనూ చిట్టీ. నాలుగో షాపతను, "వడ్రంగి తాతా? పాత సినిమా హాలు వెనక సందు, నీలం తలుపు," అన్నాడు. చిట్టి పరుగెత్తింది. దాని వెనక నేను. నడుం నొప్పి, ఆయాసం ఏవీ తెలీలేదు. దారంతా ఒకటే అనుకున్నాను. ఒకటే. ఏమనుకున్నానో ఇక్కడ రాయను.

తలుపు తీసింది ఆయనే. గది చిన్నది, శుభ్రంగా ఉంది. కిటికీ పక్కన మంచం. మంచానికి అటూ ఇటూ ఆయనే చేసిన కొయ్య కడ్డీలు, నున్నగా. ఆవిడ కళ్ళు మా వైపు తిరిగాయి. నడుం చుట్టూ మా బెల్టు. దాని మీద చిన్న లైటు వెలుగుతోంది, ఆన్లో ఉంది.

చిట్టి ఆయన్ని పక్కకి నెట్టినంత పని చేసి వెళ్ళి స్విచ్ ఆపేసింది. "విప్పాలండీ, ఇప్పుడే విప్పాలి," అంది.

"మెల్లగా తల్లీ, మెల్లగా," అని ఆయనే విప్పాడు.

ఆవిడ నడుం మీద ఏమీ లేదు. కాస్త ఎరుపు. నేను కళ్ళు మూసుకుని తెరిచి మళ్ళీ చూశాను. ఏమీ లేదు.

బెల్టు లోపల మాత్రం మూడు మచ్చలు. ఒకటి చిల్లు పడింది.

"ఇది కాలుతోంది కదండీ, మరి అమ్మమ్మగారికి..." అంది చిట్టి.

"ఆయన చెయ్యి చూడవే పిల్లా," అంది ఆవిడ మంచం మీంచి. గొంతు బాగానే ఉంది, కోపంగా కూడా ఉంది. "చూపించడు. రెండ్రోజుల్నుంచి అరుస్తున్నాను, డాక్టరుకి చూపించుకోవయ్యా అని. మొండి ఘటం."

ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. చిట్టి పట్టుకుని ముందుకి లాగింది. అరచేతి నిండా బొబ్బలు. రెండు పగిలి తడిగా ఉన్నాయి.

"ఆవిడకి తెలీదు కదమ్మా," అన్నాడు. తప్పు చేసినవాడిలా. "వేడి ఎక్కువైనా చెప్పలేదు. అందుకని పెట్టినంతసేపూ మధ్యలో నా చెయ్యి పెట్టుంచుతాను, ఇప్పుడు తలుపు తియ్యడానికే లేచాను. ఉలి పట్టిన చెయ్యి, చర్మం మందం. నాకూ కాస్త ఆలస్యంగానే తెలిసింది. నడుం పట్టు వదులుతోందంటుందని మానలేదు."

"రోజంతా ఉంచొచ్చని షాపావిడ చెప్పిందటమ్మా," అంది ఆవిడ. "ఈయన రోజంతా చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పని లేదు, పాటా లేదు. పోనీ కబుర్లైనా చెప్పాడా? అదీ లేదు, గోడ చూస్తూ కూర్చోడం."

షాపావిడ నేనే అని ఆవిడకి తెలీదు. ఆయనకి తెలుసు. 

చిట్టి ఆ చేతిని వదల్లేదు. "మా తప్పండీ. నాదే తప్పు. ప్యాడ్లో ఏదో..."

"ప్యాడ్ కాదు," అన్నాను.

అది తల తిప్పింది.

"ఆ గుడ్డ అది కాదు చిట్టీ. అది దొరకలేదు. ఇది వేరే."

తాతగారి చెయ్యి మెల్లగా వదిలేసింది. 

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"పార్లర్ అక్క మచ్చ పడిన బెల్టు తెచ్చిన రోజు నుంచి. నాలుగో తారీకు."

"తొమ్మిది రోజులా?" వేళ్ళ మీద లెక్క పెట్టింది, చిన్నప్పుడు లెక్క పెట్టినట్టు. "దానికి ముందు తెలీదా?"

విప్పిన బెల్టు తీసి మడత పెట్టాను.

"వాడు తన తప్పే అనుకుంటున్నాడమ్మా. మూడు రోజుల్నుంచి తినట్లేదు వాడు."

తాతగారిని ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించింది తనే. వచ్చేదాకా ఆవిడ దగ్గర నన్ను కూర్చోబెట్టి వెళ్ళింది. ఆవిడ దాహమంటే నీళ్ళు పట్టాను. "మీ అమ్మాయా? గట్టిదే," అంది. అవునన్నాను. షాపావిడ నేనేనని చెప్పాను.  "ఆయనకి రంపం పట్టడానికి ఆ చెయ్యే ఆధారం," అంది ఆవిడ. అంతే అంది. తిట్టుంటే బావుండేది.

14, శుక్రవారం, ఒంటిగంట

కాలేజీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అయిపోయింది.

పొద్దున చిట్టి, "నువ్వు రావద్దు. గుడ్డ ఎంచింది నేనే అని చెప్తాను," అంది. "నేనే ఎంచాను కూడా. కాగితం వద్దంది నేను."

వెళ్ళాను. గది బయట కళ్ళజోడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొదటి నమూనాలో మిగిలిన ముక్క, ఈ పాలిస్టరు ముక్క రెండూ వాడి చేతిలో పెట్టి చెప్పేశాను. వాడు రెంటినీ వేళ్ళతో నలిపి చూశాడు, నేను చూసినట్టే. "తేడా తెలీట్లేదు ఆంటీ," అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

లోపల నలుగురు. మధ్యలో మేడమ్.  నేను బడి పదో క్లాసు దగ్గర ఆపేసిన మనిషిని, అలాంటి బల్ల ముందు ఎప్పుడూ నిలబడలేదు. గుడ్డలు రెండూ పెట్టి చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని.

మేడమ్ అడిగింది, "తేడా ఉందని మీకు తెలిసే ఇచ్చారా?"

"అడగలేదండీ. అడిగితే షావుకారు చెప్పేవాడు. అందుకే అడగలేదు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మీ అమ్మాయికి భయం తక్కువని క్లాసులో అందరి ముందూ నేనే మెచ్చుకున్నాను," అంది. నాతోనో, పక్కాయనతోనో తెలీలేదు.

గది లేదు. ఖర్చులు లేవు. ఇద్దరూ ప్రాజెక్టు మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, ఇంకో ఆర్నెల్లు. తాతగారి వైద్యం మాదే. అది నేను ముందే చెప్పాను.

కళ్ళజోడుకి ఉద్యోగం ఒకటి చేతిదాకా వచ్చింది, ఆర్నెల్లయితే ఉండదట. ఆ మాట వాడు చెప్పలేదు. వెళ్ళిపోయాక చిట్టి చెప్పింది.

15

చిట్టి మాట్లాడట్లేదు. కంచం పెడితే తింటోంది.

16, ఆదివారం

పదకొండింటికి షాపుకొచ్చింది. ఎప్పుడూ బల్ల ఎత్తి లోపలికొచ్చేసేది. ఇవాళ బయటే నిలబడింది, కొనేవాళ్ళ వైపు. చేతిలో నోటుబుక్కు.

"ఇదేంటి?" పై అరలో మొదటి గుడ్డ రోలు చూపించింది.

"లైనింగు. తెలుసు కదే."

"దేంతో చేస్తారు?"

"సిల్కులాంటిది..."

"లాంటిదా?"

"పాలిస్టరు అనుకుంటా."

"ఎవరు చెప్పారు?"

"షావుకారు."

రాసుకుంది. "పసిపిల్లలకి వేసే బట్టల్లో వాడొచ్చా? వాడొచ్చని ఎవరు చెప్పారు?"

"అందరూ వాడతారు చిట్టీ."

అదీ రాసుకుంది, నేనన్నది అన్నట్టే. తర్వాతది. "ఇదేంటి?" తర్వాతది. గొంతులో కోపం లేదు. దెప్పడం లేదు. డాక్టరు అడిగినట్టు అడుగుతోంది. నేను చెప్తున్నాను. కాటన్. కాటన్ అనే అమ్ముతాను. ఎక్కణ్ణుంచి? తెలీదు. రంగు దిగుతుందా? దిగదు. ఎలా తెలుసు? ఎవరూ తిరిగి రాలేదు.

"తిరిగి రాకపోతే ఏం జరిగిందో మనకి తెలీదమ్మా," అంది, తల ఎత్తకుండా.

నలభై రెండు రోల్సున్నాయి షాపులో. పదకొండోదాని దగ్గరికొచ్చేసరికి ఒకావిడ వచ్చింది. చంకలో నెలల బిడ్డ. ఉయ్యాల్లోకి మెత్తటి గుడ్డ కావాలంది, రెండు మీటర్లు, బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది, మంచిదివ్వండి అంది.

చెయ్యి అలవాటుగా పసుపు రోలు మీదికి వెళ్ళింది. ఎన్ని వందల మంది బిడ్డలకి ఇచ్చుంటానో అది. లాగి బల్ల మీద పరిచి మీటరు కర్ర తీశాను.

"ఇది మంచిదేనా అండీ?" అని అడిగింది ఆవిడ. అందరూ అడిగేదే.

చిట్టి పెన్ను ఆగింది. నా వైపు చూడలేదు. బిడ్డ వైపు చూసింది.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసి, బిడ్డని ఇంకో చంకకి మార్చుకుని, పక్క బజారుకి వెళ్ళిపోయింది. అక్కడ వాళ్ళు మంచిదని చెప్పి ఇస్తారు. అదే గుడ్డ ఇస్తారు. వెనక్కి పిలుద్దామని గొంతు దాకా వచ్చింది. పిలిచి ఏం చెప్పను?

కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాను. 

చిట్టి బల్ల ఎత్తి లోపలికొచ్చింది.

"పన్నెండోది," అంది.